లూసియానా గంబో ఇంట్లో వండటం: రూ ఎంత నల్లబడే వరకు వేయించాలి?

కృష్ణాతీరం (విజయవాడ)

సభ్యులందరికీ నమస్కారం. మా అబ్బాయి హ్యూస్టన్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. కిందటి ఏడాది నేనూ మా ఆవిడా అక్కడ ఉన్నప్పుడు, ఒక వారాంతంలో మమ్మల్ని కారులో పక్కనే ఉన్న లూసియానా రాష్ట్రానికి, లఫాయెట్ పట్టణానికి తీసుకువెళ్లాడు. అక్కడ ఒక చిన్న భోజనశాలలో కోడిమాంసమూ పొగపట్టిన సాసేజ్ ముక్కలూ వేసిన గంబో తిన్నాం. లోతైన గిన్నెలో అన్నం ముద్ద, దాని చుట్టూ పాత చింతపండు పిసికినట్టు ముదురు రంగులో చిక్కటి పులుసు. అమెరికా వంట అంటే ఉప్పూ మిరియాలూ తప్ప మరేమీ ఉండవని అంతవరకూ నమ్మినవాణ్ణి. ఆ మొదటి ముద్దతో నా నమ్మకం పోయింది. కారం కంటే ముందు ఏదో వేపుడు రుచి, కాఫీ గింజలు వేయించినప్పుడు వచ్చేలాంటి వాసన, దాని వెనుక పొగ, ఆ తరువాత ఎప్పుడో గొంతులో నెమ్మదిగా మొదలయ్యే మంట.

తిరిగి వచ్చాక ఇంట్లో రెండుసార్లు వండాను. మొదటిసారి నూనెలో పిండిని లేత గోధుమ రంగు వచ్చే వరకే వేయించి ఆపేశాను. పచ్చిపిండి వాసన పోలేదు, గంబోకు బదులు చిక్కటి సూపు తయారైంది. రుచి చాలలేదని రెండు చెంచాల గుంటూరు కారం వేశాను, మంట పెరిగింది తప్ప రుచి పెరగలేదు. రెండోసారి సెగ పెంచి వేయించగా అంచుల్లో నల్లటి చుక్కలు కనిపించాయి. అయినా సాహసించి ముందుకు వెళ్లాను, చివరకు కుండెడు పులుసు చేదై పారబోయవలసి వచ్చింది.

అనుభవజ్ఞులు దయచేసి చెప్పండి. ఆ పిండి వేపుడును, అంటే వారు రూ అని పిలిచేదాన్ని, ఏ రంగు వరకు తీసుకువెళ్లాలి? మైదా వాడాలా, గోధుమపిండి వాడాలా? మన ఊళ్లలో దొరకని సెలరీకీ ఆ పొగ సాసేజ్‌కూ బదులుగా ఏమి వాడవచ్చు?

బేటన్‌రూజ్ వంటిల్లు (లూసియానా)

కృష్ణాతీరం గారికి నమస్కారం. నేను ఈ ఊరికి వచ్చి 18 ఏళ్లు అయింది. గంబో వండటం నాకు నేర్పింది మా పక్కింటి పెద్దావిడ. ఆవిడ చెప్పినదీ, నా చేతికి తెలిసినదీ కలిపి కొంత వివరంగానే రాస్తాను.

మీరు రెండుసార్లూ తప్పింది ఒకే చోట, సెగ దగ్గర. రూ అంటే సమపాళ్లలో నూనె, మైదా. అంతకు మించి అందులో ఏమీ లేదు. ఎనిమిది మందికి సరిపడే గంబోకు ఒక కప్పు నూనె, ఒక కప్పు మైదా, సుమారు రెండు లీటర్ల కోడి ఎముకల రసం అవసరమవుతాయి. గోధుమపిండి వద్దు, అందులోని తవుడు పిండి కంటే ముందే మాడి చేదెక్కుతుంది. వెన్న కూడా వద్దు, దానిలోని పాల పదార్థం ఇంతసేపు సెగకు తాళలేదు. వాసన లేని, త్వరగా పొగ రాని వేరుశనగ నూనె గానీ మరే శుద్ధిచేసిన నూనె గానీ వాడండి. పాత్ర మందంగా ఉండాలి, ఇనుప మూకుడైతే అన్నిటికంటే మేలు. గుండ్రటి గరిటె అడుగునంతా తాకదు కనుక అంచు చదునుగా ఉన్న చెక్క అట్లకాడ తీసుకోండి.

నూనె వేడెక్కాక పిండి వేసి, సన్నసెగకూ మధ్యస్థపు సెగకూ నడుమ ఉంచి, చేయి ఆపకుండా అడుగూ మూలలూ గీకుతూ కలపాలి. రంగును మాటల్లో చెప్పడం కష్టం కాబట్టి వాసనతో చెబుతాను. మొదటి పది నిమిషాల్లో పేలాలు వేయించిన వాసన వస్తుంది. మీరు మొదటిసారి ఆపేసింది అక్కడ. ఆ తరువాత వేయించిన వేరుశనగపప్పు వాసనా రంగూ వస్తాయి. చాలామంది భయపడి ఆగేది ఇక్కడే. ఇంకా ముందుకు వెళితే పాత రాగిచెంబు రంగు, ఆపైన చాక్లెట్ రంగు వస్తాయి. వాసన కాఫీ గింజల వైపు తిరుగుతుంది. కోడిమాంసం, సాసేజ్ గంబోకు ఆగవలసింది అక్కడే. పొయ్యి మీద దీనికి ముప్పావు గంట పడుతుంది, మొదటిసారి చేసేవారికి గంట కూడా పట్టవచ్చు. సున్నుండలకు మినప్పప్పు వేయించేటప్పుడు ఎవరూ పెద్దమంట పెట్టరు కదా, ఆ ఓపికే ఇక్కడా కావాలి.

నల్లటి చుక్కలు కనిపిస్తే పిండి అప్పటికే మాడిందన్నమాట, దాన్ని బాగుచేసే ఉపాయం లేదు. ఆ చేదు ఎముకల రసంలోకీ మాంసంలోకీ అంతటా దిగుతుంది. మూకుడు కడిగి మళ్లీ మొదలుపెట్టడమే మార్గం. అప్పటికి పోయేది ఒక కప్పు పిండి, ఒక కప్పు నూనె. మీలాగా కుండెడు గంబో అయితే పోదు.

మరొక సంగతి తెలిస్తే కొలతలు అర్థమవుతాయి. పిండి నల్లబడేకొద్దీ అందులోని గంజిపదార్థం విరిగిపోయి, పులుసును చిక్కబరిచే శక్తి తగ్గుతుంది. లేతరంగు రూ పులుసును చిక్కగా చేస్తుంది, ముదురు రూ పలుచగా ఉంచినా లోతైన రుచిని ఇస్తుంది. అందుకే ముదురు రూ వేసిన గంబోలో చిక్కదనానికి బెండకాయ గానీ, ససాఫ్రాస్ ఆకుల పొడి గానీ తోడవుతుంది. ఆ పొడిని ఇక్కడ ఫీలే అంటారు.

రూ రంగుకు రాగానే కూరగాయలు వేసేయాలి. ఉల్లిపాయ రెండు పాళ్లు, సెలరీ ఒక పాలు, పచ్చ క్యాప్సికం ఒక పాలు. ఈ మూడింటినీ ఇక్కడివారు భక్తిగా పవిత్ర త్రయం అంటారు. ముక్కలను ముందే తరిగి మూకుడు పక్కన సిద్ధంగా పెట్టుకోండి, ఎందుకంటే వాటిలోని నీరే రూ సెగను తగ్గించి మాడకుండా ఆపుతుంది. ముక్కలు పడిన క్షణంలో ఆవిరి భగ్గున లేస్తుంది, వేడి పిండి చిందుతుంది. చిందిన రూ చర్మానికి అంటుకుని ఊడదు, పాకం లాగా కాల్చుతుంది. పొడవు చేతుల చొక్కా వేసుకోండి, పిల్లలను ఆ అరగంట వంటింట్లోకి రానివ్వకండి.

మిరపతోట (గుంటూరు)

గంబోలో కారం వేసినా రుచి రాలేదన్న మాట చదివి రాస్తున్నాను. మా ఇంట మూడు తరాలుగా మిరప పండిస్తున్నాం, అందుకే ఈ విషయం మీద నాకు శ్రద్ధ ఎక్కువ.

లూసియానాలో వాడే కయెన్ మిరప ఘాటు స్కోవిల్ కొలతలో 30,000 నుంచి 50,000 వరకు ఉంటుంది. మన గుంటూరు సన్నాలు కూడా దాదాపు ఆ పరిధిలోనివే. కాబట్టి కయెన్‌కు బదులుగా గుంటూరు కారం నిశ్చింతగా వాడవచ్చు, తేడా పరిమాణంలో మాత్రమే. ఎనిమిది మంది గంబోకు వారు వేసేది అర చెంచా నుంచి ఒక చెంచా, మనం అంత కూరకు వేసేది దానికి మూడు నాలుగు రెట్లు. లూసియానాలోని న్యూ ఆర్లియన్స్ నగరంలో 1979లో కె-పాల్స్ లూసియానా కిచెన్ అనే భోజనశాలను ప్రారంభించిన పాల్ ప్రూడోమ్ ఎర్ర కారం, నల్ల మిరియాలు, తెల్ల మిరియాలు మూడింటినీ ఒకే వంటలో కలిపి వాడేవారు. ఒక్కొక్కటి నోట్లో ఒక్కొక్కచోట, ఒక్కొక్కసారికి తెలుస్తుంది. తెల్ల మిరియం మొదట ముక్కుకు అందుతుంది, నల్ల మిరియం నాలుకను పట్టుకుంటుంది, ఎర్ర కారం గొంతులో నిలుస్తుంది. మీరు లఫాయెట్‌లో తిన్న గంబోలో నెమ్మదిగా మొదలైన మంటకు కారణం ఇదే కావచ్చు. ఒక చెంచా కారం తగ్గించి, ఆ లోటును రెండు రకాల మిరియాలతో భర్తీ చేసి చూడండి.

ఇక్కడ ఒక చిన్న పక్కదారి పట్టనివ్వండి. లూసియానా వంటగదుల్లో తప్పక కనిపించే టబాస్కో సాస్‌ను 1868 నుంచి ఆ రాష్ట్రంలోనే ఏవరీ ఐలండ్ అనే చోట తయారుచేస్తున్నారు. అది ఉప్పు గుట్ట మీద ఉన్న నేల. పండిన ఎర్ర మిరపకాయలను ఉప్పుతో నూరి, ఓక్ చెక్క పీపాల్లో మూడేళ్ల దాకా ఊరబెట్టి, ఆపైన వెనిగర్ కలుపుతారు. మన పండుమిరపకాయల పచ్చడి ఎలా పెడతామో గుర్తుచేసుకోండి. పండుమిరప, ఉప్పు, రోలు, జాడీ, కొన్నాళ్ల ఊరు. వారు వెనిగర్ కలిపే చోట మనం చింతపండు కలుపుతాం. పీపా చెక్క ఇచ్చే వాసన మన జాడీకి రాదు, మన చింతపండు ఇచ్చే నిండుదనం వెనిగర్‌కు రాదు. ఇంట్లో టబాస్కో లేకపోతే, పోపు పెట్టని పండుమిరప ముద్దను చింతపండు కలపకముందే కొంచెం తీసి, వెనిగర్‌లో పలుచగా కలిపి గిన్నె పక్కన పెట్టుకోండి. నేను అలాగే చేస్తున్నాను.

డాలస్ గోంగూర (టెక్సస్)

మీ చర్చ బాగుంది. అయితే ఇంత కష్టం ఎందుకన్నది నా ప్రశ్న. నేను రూను వేరుశనగ రంగు వరకే వేయించి, అల్లం వెల్లుల్లి ముద్ద, కరివేపాకు, ధనియాల పొడి, కొంచెం గరం మసాలా వేసి గంబో చేస్తాను. ఇంటికి వచ్చిన తెలుగు మిత్రులందరూ మెచ్చుకుంటారు. ఏ వంటైనా మన నాలుకకు తగ్గట్టు మార్చుకుంటేనే కదా మన ఇంట్లో నిలుస్తుంది?

బేటన్‌రూజ్ వంటిల్లు (లూసియానా)

డాలస్ గోంగూర గారూ, మీరు వండినది రుచిగా ఉంటుందనడంలో నాకు సందేహం లేదు. నా అభ్యంతరం రుచి గురించి కాదు. ధనియాలూ గరం మసాలా వేయగానే, ముప్పావు గంట వేయించి సంపాదించిన రుచి వాటి కింద కప్పబడిపోతుంది. అప్పుడు రూ వేయించినా వేయించకపోయినా ఒకటే, మైదా కలిపిన కోడికూరే మిగులుతుంది. ఈ వంటలోని సాహసం మసాలాల సంఖ్యలో లేదు. ఒక్క పిండినే మాడటానికి వెంట్రుకవాసి దూరం వరకు తీసుకువెళ్లి ఆపడంలో ఉంది. మనవారు ఏ కొత్త వంటనైనా మొదటిసారే మన దారికి తిప్పుకోవడం నేను ఇక్కడ చాలా ఇళ్లలో చూశాను, అది నాకు నిజంగా బాధ కలిగిస్తుంది. ఎవరైనా మన గోంగూర పచ్చడిలో మొదటిసారే చక్కెర, క్రీము కలిపి బాగుందంటే మనకెలా ఉంటుంది? ఒకసారి వారి పద్ధతిలో వండి, దాని రుచి నాలుకకు తెలిశాక మార్చుకోండి. అప్పుడు మార్చేది తెలిసి మార్చినట్టు అవుతుంది.

మార్చకూడనిది మరొకటి ఉంది, ఆకు. గంబోలో వేసే బే ఆకు మన బిర్యానీ ఆకు కాదు. మన ఆకు దాల్చినచెక్క చెట్టు జాతిది, పొడవునా మూడు ఈనెలు ఉంటాయి, వేయగానే కుండంతా బిర్యానీ వాసన వస్తుంది. వారి ఆకుకు నడుమ ఒకటే ఈనె, వాసన కొంచెం చేదుగా, మూలికలా ఉంటుంది. అది దొరకకపోతే ఏ ఆకూ వేయకుండా వండటమే మంచిది.

డాలస్ గోంగూర (టెక్సస్)

మీ గోంగూర పోలిక నన్ను ఆలోచింపజేసింది. ఈ ఆదివారం మసాలా లేకుండా, ముదురు రూతో ఒకసారి వండుతాను. ఆకుల తేడా నాకు ఇంతవరకు తెలియదు, ఇన్నేళ్లూ బిర్యానీ ఆకే వేస్తున్నాను.

ఓరుగల్లు పాఠకుడు (హనుమకొండ)

బెండకాయ వేయాలా, ఫీలే వేయాలా అన్న ప్రశ్నకు చరిత్రలోనే సమాధానం ఉంది. గంబో అన్న పేరు పశ్చిమ, మధ్య ఆఫ్రికా భాషల్లో బెండకాయకున్న పేరు నుంచి వచ్చిందని ఎక్కువమంది పండితులు అంటారు. బంటు భాషల్లో దానిని కింగోంబో అంటారు. బానిసలుగా పట్టి తెచ్చిన ఆఫ్రికన్లతో పాటు ఆ కాయ, దానిని వండే పద్ధతి లూసియానాకు చేరాయి. ఫీలే అక్కడి చోక్టావ్ తెగవారిది, ఆ పొడిని వారు న్యూ ఆర్లియన్స్ ఫ్రెంచ్ మార్కెట్‌లో అమ్మేవారు. రూ ఫ్రెంచివారిది. 1755 నుంచి బ్రిటిషువారు కెనడాలోని నోవా స్కోషియా ప్రాంతం నుంచి వెళ్లగొట్టిన అకేడియన్లు అనే ఫ్రెంచి సంతతివారు తరువాతి దశకాల్లో దక్షిణ లూసియానాలోని చిత్తడి నేలలకు చేరారు. కేజన్ అన్న మాట అకేడియన్ నుంచి పుట్టిందే. దొరికిన కోడి, పంది, క్రాఫిష్ (చిన్న ఎండ్రొయ్యలాంటి మంచినీటి జీవి) ఏదైనా ఒకే కుండలో వండుకునే అలవాటు వారిది. ఇంతమంది బాధలు పడి చేరిన నేల మీద తయారైన వంట కాబట్టి, ఒక్క గిన్నెలో ఇన్ని ఖండాలు కలిశాయంటే ఆశ్చర్యం లేదు.

వంటకు పనికివచ్చే ముక్క ఇది. బెండకాయ, ఫీలే రెండూ జిగురుతోనే చిక్కబరుస్తాయి, కాబట్టి ఒకే కుండలో రెండూ వేస్తే తీగలు సాగుతుంది. బెండకాయ దొరికే కాలంలో బెండకాయ, అది లేని చలికాలంలో ఫీలే వాడటం పాత ఆనవాయితీ. టమాటా వేయడం న్యూ ఆర్లియన్స్‌లోని క్రియోల్ (ఫ్రెంచి, స్పానిష్, ఆఫ్రికన్ సంతతులు కలిసినవారి) ఇళ్లలో కనిపిస్తుంది, కేజన్ ఇళ్లలో టమాటా వేస్తే పెద్దలు ఒప్పుకోరు.

బేటన్‌రూజ్ వంటిల్లు (లూసియానా)

ఓరుగల్లు పాఠకుడు గారు చెప్పినది నూటికి నూరుపాళ్లు నిజం. ఫీలే విషయంలో ఒక హెచ్చరిక చేరుస్తాను. దానిని పొయ్యి ఆపాకే కలపాలి. ఫీలే వేసి మరిగిస్తే గంబో జిగురుగా, దారాలు దారాలుగా మారుతుంది. చాలా ఇళ్లలో బల్ల మీదే పెట్టి ఎవరి గిన్నెలో వారు చిటికెడు చల్లుకుంటారు. ససాఫ్రాస్ అనగానే కొందరికి అనుమానం వస్తుంది. ఆ చెట్టు వేరులో ఉండే సాఫ్రోల్ అనే పదార్థాన్ని ఆహారంలో వాడటాన్ని అమెరికా ప్రభుత్వం 1960లో నిషేధించిన మాట వాస్తవమే గానీ, ఫీలే ఆకుల పొడి. ఆకుల్లో ఆ పదార్థం నామమాత్రం. ఫీలేను ఇక్కడి దుకాణాల్లో బహిరంగంగా అమ్ముతారు.

బెండకాయ వేసేవారు మనం వేపుడుకు చేసినట్టే ముందుగా విడిగా, తడి లేకుండా తరిగి, నూనెలో జిగురు విరిగే వరకు వేయించి అప్పుడు కుండలో వేయండి. ఇందులో మనవారికి ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు.

భాగ్యనగరం భోజనం (హైదరాబాద్)

కృష్ణాతీరం గారి మూడో ప్రశ్నకు నా అనుభవం రాస్తాను. సెలరీ కాడలు హైదరాబాద్ పెద్ద బజార్లలో తరచు దొరుకుతున్నాయి. దొరకనప్పుడు కొత్తిమీర కాడలు వేసి చూశాను, గంబో వాసన మారిపోయింది. దానికంటే ఉల్లిపాయ, క్యాప్సికం మాత్రమే వేసి, పావు చెంచా సెలరీ గింజలు నలిపి వేయడం మేలు.

సాసేజ్ సంగతి కష్టం. అక్కడివారు వాడే ఆండూయ్ సాసేజ్ వెల్లుల్లి ఎక్కువగా వేసి, గంటల తరబడి చెక్క పొగ పట్టించిన పంది మాంసం. ఇక్కడ శీతల నిల్వ దుకాణాల్లో దొరికే మామూలు చికెన్ సాసేజ్‌లో ఆ పొగ లేదు. గోవా చోరిస్ సాసేజ్ వాడితే వెనిగర్ పులుపు మొత్తం కుండను లాక్కుపోతుంది, నేను చేసి చూశాను. చివరకు కుదిరిన పద్ధతి ఇది. చికెన్ సాసేజ్ ముక్కలను వెల్లుల్లి, మిరియాల పొడితో ఎర్రగా వేయించి, వెడల్పు గిన్నెలో పోసి, మధ్యలో చిన్న గిన్నె పెట్టి, అందులో ఎర్రటి బొగ్గు నిప్పు కణిక ఉంచి, దానిపై నాలుగు చుక్కల నూనె వేసి వెంటనే మూత పెట్టాలి. పది నిమిషాలు చాలు. మన ఊరి కబాబులకు ఇలా పొగ పట్టించడం పాత పద్ధతే. నెయ్యి వేయకండి, నెయ్యి వాసన గంబోకు సరిపడదు.

కోడి విషయంలో మాత్రం మనమే అదృష్టవంతులం. పాతకాలపు కేజన్ గంబోలో వేసేది గుడ్లు పెట్టడం మానిన ముదురు కోడి. బ్రాయిలర్ అరగంటలో విడిపోతుంది, ముదురు కోడి గంటన్నరకు పైగా మరిగి రసాన్ని రుచిగా చేస్తుంది. నాటుకోడి కొనండి.

కాకినాడ తీరం (కాకినాడ)

రొయ్యల గంబో గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తాను. మా కుటుంబానికి రొయ్యల చెరువులు ఉన్నాయి. అమెరికా దుకాణాల్లోని గడ్డకట్టిన రొయ్యల సంచుల మీద భారతదేశపు ఉత్పత్తి అని చూసిన ప్రతిసారీ, అందులో మా తీరపు సరుకు ఉండవచ్చన్న ఆనందం నాకు కలుగుతుంది. అయితే ఆ సంచుల్లో తల ఉండదు, పైగా చాలావరకు ఒలిచినవే. రుచి అంతా తలలోనే ఉంది. కిలో రొయ్యల తలలూ పొట్టూ తీసి, వాటిని కొంచెం నూనెలో గులాబిరంగు వచ్చే వరకు వేయించి, రెండు లీటర్ల నీరు పోసి అరగంట మాత్రమే మరిగించి వడకట్టండి. ఎక్కువసేపు మరిగితే నీచు వాసన వస్తుంది. ఆ రసంతో గంబో వండితే నీళ్లు పోసి వండినదానికీ దీనికీ పోలికే ఉండదు. రొయ్యలను పొయ్యి ఆపే ముందు నాలుగైదు నిమిషాల్లో వేయాలి, అవి వంపు తిరిగి రంగు మారగానే దించాలి. రొయ్యల గంబోకు రూ చాక్లెట్ రంగు వరకు వెళ్లనక్కరలేదు, రాగి రంగు చాలు. మరీ ముదిరితే రొయ్య తీపి దాని కింద అణగిపోతుంది.

వరి గురించి ఒక మాట. దక్షిణ లూసియానాలో వరి కోసిన చేలల్లోనే నీరు నిలిపి క్రాఫిష్ పెంచుతారు. వరి చేనూ చెరువూ పక్కపక్కనే చూసి పెరిగిన గోదావరి జిల్లాలవారికి అది చూస్తే కొత్తగా అనిపించదు.

పాల్ ప్రూడోమ్ పేరు పైన వచ్చింది కనుక ఆయనకు పేరు తెచ్చిన వంట కూడా ఇంట్లో చేయతగినదేనని చెబుతాను. రెడ్‌ఫిష్ అనే చేప ముక్కను కరిగిన వెన్నలో ముంచి, మిరియాలు, కారం, ఎండిన థైమ్ అనే మూలికాకు, వెల్లుల్లి పొడి, ఉప్పు దట్టంగా అద్ది, పొగలు కక్కే ఇనుప పెనంపై నల్లగా కాల్చడం దాని పద్ధతి. ఆ వంటకు ఎంత గిరాకీ వచ్చిందంటే, 1980లలో గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో ఆ చేప తరిగిపోయి ప్రభుత్వం వ్యాపార వేటకు అడ్డుకట్ట వేయవలసి వచ్చింది. మనకు పండుగప్ప సరిగ్గా సరిపోతుంది. ముల్లు తీసిన, వేలు మందం ముక్క తీసుకోండి. పైకి నల్లగా కనిపించేది మాడు కాదు. వెన్నలోని పాల పదార్థమూ మసాలా కలిసి వేగిన పొర. పెనం మీద ఒక్కో వైపు రెండు నిమిషాలకు మించకూడదు. పొగ విపరీతంగా వస్తుంది, అపార్ట్‌మెంట్ వంటింట్లో వద్దు. పెరట్లో గానీ డాబా మీద గానీ పొయ్యి పెట్టుకోండి.

తులసివనం (రాజమహేంద్రవరం)

మా ఇంట్లో మాంసాహారం వండము. ఈ చర్చ మొదటినుంచీ చదువుతూ నోరూరుతోంది. శాకాహార గంబో సాధ్యమేనా, లేక అది పేరుకు మాత్రమేనా? పెద్దలకు రక్తపోటు ఉంది, ఉప్పు కూడా చూసుకోవాలి.

బేటన్‌రూజ్ వంటిల్లు (లూసియానా)

తులసివనం గారూ, తప్పక సాధ్యమే. రూలో ఉన్నవి నూనె, పిండి మాత్రమే, కాబట్టి గంబోకు పునాది స్వతహాగా శాకాహారమే. లూసియానాలోనే ఆకుకూరల గంబో ఒకటి ఉంది, గంబో జెర్బ్ అంటారు. క్రైస్తవుల ఉపవాస దినాల్లో మాంసం లేకుండా వండుకునే సంప్రదాయం నుంచి వచ్చిందది. న్యూ ఆర్లియన్స్‌లో డూకీ చేజ్ భోజనశాలను దశాబ్దాలపాటు నడిపి 2019లో కన్నుమూసిన లియా చేజ్ గారు గుడ్ ఫ్రైడేకు ముందురోజు గురువారం నాడు ఏటా ఈ వంట వండి పెట్టేవారు. ఆవిడ మాత్రం అందులో మాంసం కూడా బాగానే వేసేవారు. ఆకుకూరల సంఖ్య బేసిగా ఉండాలని, ఎన్ని రకాలు వేస్తే ఆ ఏడాది అంతమంది కొత్త స్నేహితులు దొరుకుతారని ఒక నమ్మకం.

ఆకుల విషయంలో మీ ఊరి బజారు ఈ ఊరి బజారు కంటే మేలు. తోటకూర, పాలకూర, ముల్లంగి ఆకు, ఆవ ఆకు, క్యాబేజీ, మెంతికూర కొంచెం, ఉల్లికాడలు. ఏడు రకాలు అయ్యాయి. గోంగూర ఒక గుప్పెడుకు మించి వేయకండి, పులుపు పెరిగితే పులుసుకూర అవుతుంది. ఆకులను విడిగా ఉడికించి మెదిపి, ఆ ఉడికిన నీటితో సహా రూలో కలపాలి. మాంసం లేని లోటు తీర్చడానికి పుట్టగొడుగులను తడి ఆరే వరకు ఎర్రగా వేయించి, భాగ్యనగరం భోజనం గారు చెప్పిన బొగ్గు పొగ పట్టించి వేయండి.

ఉప్పు సంగతి మంచి ప్రశ్న. దుకాణాల్లో కేజన్ మసాలా పేరుతో అమ్మే డబ్బాల మీద చూడండి, చాలావాటిలో మొదట రాసి ఉండేది ఉప్పే. ఇంట్లోనే కారం, నల్ల మిరియాలు, తెల్ల మిరియాలు, వెల్లుల్లి పొడి, ఎండిన థైమ్ కలిపి పెట్టుకుంటే ఉప్పు మీ చేతిలో ఉంటుంది. రంగు కోసం బ్యాడిగి మిరప పొడి కలపండి, ఘాటు అంతగా పెరగదు.

డాలస్ గోంగూర (టెక్సస్)

మాట ఇచ్చిన ప్రకారం ఆదివారం వండాను. రూ రాగి రంగు దాటేసరికి 40 నిమిషాలు పట్టింది, అక్కడినుంచి చాక్లెట్ రంగుకు చేరడానికి ఐదారు నిమిషాలే పట్టింది. చివర్లో అంత వేగంగా మారుతుందని ముందే తెలిసి ఉంటే సెగ తగ్గించేవాణ్ణి. మసాలాలు ఏవీ వేయలేదు. మొదట తిన్నప్పుడు ఏదో లోపించినట్టు తోచింది, రెండో గిన్నె తినేసరికి అది లోపం కాదని అర్థమైంది. ఇన్నాళ్లూ నేను వండినది మంచి కూరే, గంబో మాత్రం కాదు. ఆ కూరను ఇకముందు కూడా వండుతాను, వేరే పేరు పెట్టి.

కృష్ణాతీరం (విజయవాడ)

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. నిన్న మూడోసారి వండాను. నాటుకోడి, మైదా, వేరుశనగ నూనె, మా అత్తగారినాటి ఇనుప మూకుడు. బేటన్‌రూజ్ వంటిల్లు గారు చెప్పినట్టు రంగును నమ్మకుండా వాసనను నమ్ముకున్నాను. పేలాల వాసన, వేరుశనగ వాసన దాటాక దాదాపు పావుగంట ఏ మార్పూ తెలియలేదు. సెగ పెంచాలన్న కోరిక చాలా బలంగా కలిగింది, పెంచలేదు. కాఫీ వాసన రాగానే మా ఆవిడ ఉల్లిపాయ ముక్కలు అందించింది. ముక్కలు పడిన తరువాత రూ ఇంకొక ఛాయ ముదిరింది, అది మీరెవరూ చెప్పలేదు, కాస్త ముందే ఆపి ఉండటం మంచిదైంది.

రుచి లఫాయెట్‌లో తిన్నదానికి దగ్గరగా వచ్చింది. కారం ఒక్క చెంచా, మిరియాలు రెండు రకాలు. మంట నెమ్మదిగానే మొదలైంది. పొగ మాత్రం చాలలేదు, బొగ్గు పొగ సాసేజ్‌కు పట్టింది గానీ రసంలోకి దిగలేదు. పైన అరచెయ్యి మందాన నూనె తేలింది, అది సహజమేనా? మిగిలిన గంబోను ఎన్నాళ్లు ఉంచవచ్చు?

బేటన్‌రూజ్ వంటిల్లు (లూసియానా)

చాలా సంతోషం కలిగింది. ముక్కలు పడ్డాక రూ మరో ఛాయ ముదురుతుందని చెప్పడం నా పొరపాటు వల్ల తప్పిపోయింది. ఉల్లిపాయలోని తీపి కూడా ఆ వేడికి ముదురుతుంది, కాబట్టి కోరిన రంగుకు ఒక మెట్టు ముందే ఆపాలి.

నూనె తేలడం సహజమే. మరిగేటప్పుడు సెగను కుండ ఒక పక్కకు ఉండేలా జరిపితే నూనె రెండో పక్కకు చేరుతుంది, గరిటెతో తీసేయవచ్చు. పొగ రసంలోకి దిగాలంటే సాసేజ్‌ను చివర్లో కాక, రసం పోసినప్పుడే సగం వేసి గంటసేపు మరగనివ్వండి, మిగతా సగం ఆఖరున వేయండి.

చల్లార్చి ఫ్రిజ్‌లో పెడితే మూడు రోజులు నిలుస్తుంది, నిజానికి రెండోరోజే ఎక్కువ రుచిగా ఉంటుంది. రొయ్యలు గానీ ఫీలే గానీ వేసే ముందే పంచి దాచుకోండి, తిరిగి వేడిచేసేటప్పుడు అవి పాడవుతాయి. రూను మాత్రం ఒకేసారి రెండింతలు వేయించి, సగం గాజు సీసాలో పోసి ఫ్రిజ్‌లో ఉంచుకోవచ్చు, నెలపాటు చెడదు. చేయి నొప్పి ఉన్నవారు ఓవెన్‌లో 175 డిగ్రీల వద్ద ఇనుప మూకుడు పెట్టి, ఇరవై నిమిషాలకొకసారి కలుపుతూ గంటన్నర ఉంచినా అదే రంగు వస్తుంది.

మరొకటి. మా పక్కింటి పెద్దావిడ గంబోలో అన్నంతో పాటు చల్లటి ఆలుగడ్డ సలాడ్ ఒక ముద్ద వేసుకుంటారు, కేజన్ ఇళ్లలో ఇది మామూలే. ఆలుగడ్డలు, ఉడికిన గుడ్డు, ఆవముద్ద, మయోనైజ్ అందులో ఉంటాయి. వేడి పులుసులో ఆ చల్లటి ముద్ద కరుగుతుంటే తినడం నాకూ మొదట వింతగా అనిపించింది. మీ దగ్గర ఇంకా రేపటికి గంబో మిగిలి ఉందని రాశారు కదా, రేపు మధ్యాహ్నం అలా వేసుకుని తిని ఎలా ఉందో రాయండి.